ఓదెమ్మ గొంతు

భివండీ రోడ్ స్టేషన్ ఊరికి దూరం. భివండీలో పుట్టి పెరిగినవాళ్లలోనే దాన్ని చూడనివాళ్లు చాలామంది ఉంటారు. కల్యాణ్ పోవాలన్నా, ఠాణే పోవాలన్నా షేర్ ఆటో ఎక్కడం వాళ్లకు అలవాటు. వసయ్, దివా మధ్య తిరిగే బండ్లు రోజుకు కొన్ని మాత్రమే ఇక్కడ ఆగుతాయి. మిగతా పొద్దంతా ఆ పట్టాలు గూడ్సు బండ్లవి. ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఒక పక్క గడ్డి, ఇంకో పక్క గోదాముల రేకులు కనిపిస్తాయి.

నర్సింహులుకు ఈ స్టేషన్ సుఖంగా ఉంటుంది. దాదర్‌లోనో కల్యాణ్‌లోనో అయితే మైకు వినకుండా బండి ఎక్కలేం. ఇక్కడ ఉదయం అటు ఒక బండి, ఇటు ఒక బండి. తన బండి వసయ్ వైపు నుంచి వస్తుందా, వసయ్ వైపు పోతుందా అని ఎవరినీ అడిగే పని లేదు. చెవులు పోయిన మనిషికి అంతకంటే మంచి స్టేషన్ దొరకదు.

అతనికి యాభై తొమ్మిదేళ్లు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్లప్పుడు వచ్చాడు. సొంత సాంచా ఏనాడూ లేదు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. నలభై ఏళ్లు పక్కవాళ్ల సాంచాలే నడిపాడు, అందులో ఎక్కువ కాలం నాగావ్‌లోని ఒక కార్ఖానాలో. ఇరవై నాలుగు సాంచాలు ఒకే రేకుల షెడ్డు కింద ఆడితే ఎంత మోత వస్తుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. నర్సింహులు చెవులు ఒక్కరోజులో పోలేదు. మొదట పిట్టల అరుపు, తర్వాత పిల్లల మాట, తర్వాత ఫోను. కరెంటు పోయి సాంచాలు ఆగినా అతని తలలో మాత్రం అవి గంటసేపు ఆడుతూనే ఉండేవి. భార్య మల్లవ్వ పదకొండేళ్ల కిందట పోయింది. పిల్లలు లేరు.

రెండేళ్ల కిందట కార్ఖానా శేఠ్ భూషణ్ సాంచాలన్నీ పాత ఇనుముకు అమ్మేశాడు. గ్యాస్ కట్టర్లతో కోసి టెంపోల్లో వేసుకుపోయారు. ఇప్పుడు ఆ షెడ్డులో ఆన్‌లైన్ సామాన్ల అట్టపెట్టెలు ఉంటాయి. నర్సింహులు ఖార్‌బావ్‌లో, అంటే వసయ్ వైపు మొదటి స్టేషన్ దగ్గర, ఒక గోదాము గేటుకు కాపలాదారుగా కుదిరాడు. హారన్ కొట్టి కొట్టి విసిగిన టెంపో డ్రైవర్లు చివరికి అతని ముందు లైట్లు వెలిగించడం నేర్చుకున్నారు.

చేరిన నాలుగు నెలలకు ఒక ఉదయం ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఎవరో చీర కొంగు గాలిలో ఊపారు. తల ఎత్తి చూశాడు. ఒకావిడ చూపుడువేలు గుండ్రంగా తిప్పుతోంది. కండె చుట్టుకుంటున్నట్టు.

ఓదెమ్మ.

ఆ కార్ఖానాలో ఓదెమ్మ ఇరవై ఏళ్లు కండెలు చుట్టింది. సాంచాలో అడ్డంగా పరిగెత్తే నూలు ఆ కండెల మీదే ఉంటుంది. ఆమె మిషన్ గోడ పక్కన, అతని సాంచాలు దానికి ఎదురుగా. మధ్యలో ఇరవై అయిదు అడుగులుంటాయేమో. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు గొంతు వాడరు. వాడితే గంటలో బొంగురుపోతుంది, పక్కవాడికి ముక్క వినపడదు. పెదాలు కదిలిస్తారు, చాలనిది చేత్తో, కనుబొమలతో నింపుతారు. బొజ్జ నిమిరితే శేఠ్ వస్తున్నాడని. బొటనవేలు నోటికి చూపితే చాయ్. ఆ పెదాల మీదే ఓదెమ్మ పెనిమిటి చనిపోయిన సంగతి చెప్పింది, కూతురు లత పెండ్లి కుదిరిన సంగతి చెప్పింది, పని చేయించే ముకాదం నడకను ఎగతాళి చేసింది. మల్లవ్వ పోయి అతను ఊరినుంచి తిరిగొచ్చిన రోజు, మిషన్ ఆపకుండానే, పూటంతా అతన్ని మాట్లాడించింది.

ఇన్నేళ్లలో నర్సింహులు ఆమె గొంతు వినలేదు. కరెంటు పోతే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కుళాయికి పరిగెత్తేవాళ్లు, మగవాళ్లు బీడీలకు బయటపడేవాళ్లు. ఒకవేళ ఆమె దగ్గర్లో నిలబడి మాట్లాడినా అతని తలలో సాంచా ఆగితే కదా వినపడడానికి. ఇంకో సంగతి కూడా ఉంది. మనవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు వరస కలుపుకుంటారు, అక్కో, వదినో, మరిదో. వీళ్లిద్దరికీ ఆ పని పడలేదు. మోతలో పిలిచి లాభం లేదు గనుక అతను తువాలు ఊపేవాడు, ఆమె కొంగు ఊపేది. పిలుపు లేకుండానే ఇరవై ఏళ్లు గడిచాయి.

ఆమె ఇప్పుడు దివాలో ఒక పోళీ-భాజీ దుకాణంలో చపాతీలు చేస్తుంది. ఆమె బండి అటు, ఇతని బండి ఇటు. రెండూ పావుగంట తేడాతో వస్తాయి. ఆ పావుగంట పట్టాలకు ఇవతల ఒకరు, అవతల ఒకరు నిలబడి మాట్లాడుకుంటారు. కంటైనర్ల గూడ్సు మధ్యలోకి వస్తే మాట తెగుతుంది. ఖాళీ వ్యాగన్లయితే సందుల్లోంచి సాగుతుంది. పైవంతెన ఎక్కి అవతలికి పోవాలని ఏ ఒక్కరూ అనుకోలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పుకోవచ్చు. నిజానికి పట్టాల వెడల్పు వాళ్లకు బాగా కుదిరింది. కార్ఖానాలో ఉన్న దూరమే ఇక్కడా ఉంది.

మొన్న దసరా పోయిన వారం, ఓదెమ్మ మామూలుకంటే ముందే వచ్చి నిలబడింది.

"లత పిలుస్తున్నది" అంది, పెదాలతో. "సూరత్‌కు."

"ఎన్నొద్దులకు?"

"ఎన్నొద్దులేంది? పోవుడే. ఇద్దరు పిల్లగాండ్లాయె. ఆమె సుత డ్యూటీకి పోతది. చూసుకునేటందుకు మనిషి లేరు."

నర్సింహులు ఏదో అనబోయాడు. దివా వైపు నుంచి కంటైనర్ల బండి వచ్చి ఇద్దరి మధ్యా పడింది. రెండంతస్తుల పెట్టెలు, సందు లేదు. అది పోయేసరికి అవతల ఆమె బండి వచ్చి ఆగి ఉంది. కిటికీలో కొంగు మాత్రం కనిపించింది.

మర్నాడు అడిగాడు, ఎప్పుడని.

"వచ్చే శుక్రవారం గాదు, పై శుక్రవారం. అల్లుడస్తడు తీస్కపోనీకి. నీ బండికే. వసయ్‌ల దిగి సూరత్ బండి ఎక్కాలె."

అంటే ఆ రోజు ఆమె ఇవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. ఇంతకాలంలో మొదటిసారి. నర్సింహులు గోదాము గేటు దగ్గర కూర్చుని ఆ రోజంతా ఈ ఒక్క సంగతే ఆలోచించాడు. మనిషి పెదాలు చదువుతుంటే లోపల ఏదో ఒక గొంతు దానంతటదే పలుకుతుంది. ఓదెమ్మ మాటలకు అతను లోపల ఒక గొంతు పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఊళ్లో బీడీలు చుడుతూ మాట్లాడుకునే ఆడవాళ్లలో ఎవరిదో సన్నటి గొంతు అది. అది ఆమెది కాదని తెలుసు. ఆమె అసలు గొంతు ఒక్కసారి వినాలనిపించింది. తనను ఏమని పిలుస్తుందో వినాలనిపించింది. ఇంకో పన్నెండు రోజులు ఉన్నాయి.

వానాకాలంలో వరాలా తలావ్ దగ్గర చెవుల శిబిరం పెట్టినప్పుడు అతన్ని పరీక్ష చేశారు. చిట్టీ ఇచ్చి, ఆస్పత్రికి వచ్చి చెవి మిషన్ తీసుకుపొమ్మన్నారు. అతను పోలేదు. చిట్టీ సంచి అడుగున ఉంది. దాన్ని వెతికి తీస్తుంటే పాండు చూశాడు. కనేరిలోని గదిలో అతనితో పాటు ఉండే సాంచా పనివాడు పాండు, నోరు ఊరుకోదు.

"ఏందే, ముసలితనంల పెండ్లికొడుకు లెక్క చెవులకు సొమ్ములు పెడ్తవా?" అన్నాడు, నర్సింహులుకు అర్థమయ్యేట్టు చేత్తో కమ్మలు చూపిస్తూ.

"నీ గురక విననీకిరా" అన్నాడు నర్సింహులు.

చిట్టీ పాతబడింది. రెండుసార్లు తిప్పి పంపారు. సోమవారం రమ్మన్నారు, సోమవారం పోతే బుధవారం అన్నారు. బుధవారం గోదాములో సెలవు పెట్టి పొద్దున్నే పోయి ఆస్పత్రి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మిషన్ పెట్టింది నమ్రత అనే అమ్మాయి. తెలుగువాళ్ల పిల్లే, చదువంతా మరాఠీలో.

"కాకా, ఇక్కడ బఘా. ఇది ఆన్, ఇది ఆఫ్. స్నానం చేసేటప్పుడు కాఢాయచ, తీసెయ్యాలె. సమజైందా?"

ఆ మాటలు అతనికి వినపడ్డాయి. రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి, కానీ వినపడ్డాయి. నర్సింహులు రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు.

"సమజైంది బిడ్డా."

"మొదలు ఇంటోళ్లతోటి బోలాయచ, మాట్లాడాలె. హళూ హళూ అలవాటైతది. ఇంట్ల ఎవరుంటరు?"

"పాండు ఉంటడు. వాని మాట ఇనకపోయినా నడుస్తది."

నమ్రత నవ్వింది. "మగ కశాలా, మరెందుకు కాకా? ఎవరి మాట వినాలె?"

"రైల్వే మైకు" అన్నాడు నర్సింహులు. "బండ్లు ఎరుకైతలేవు."

గదికి వచ్చే దారిలో ప్రతిదీ ఒకే ఎత్తున మోగింది. ప్లాస్టిక్ సంచి, చెప్పులు, ఎవరింట్లోనో కుక్కర్. కనేరి సందుల్లో ఇంకా ఇన్ని సాంచాలు ఆడుతున్నాయని అప్పుడే తెలిసింది. అన్నీ అమ్ముడుపోయాయని అనుకుంటూ వచ్చాడు. ఒక కార్ఖానా ముందు నిలబడి కాసేపు విన్నాడు. తర్వాత తల నొప్పి పుట్టి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు.

గురువారం స్టేషన్‌కు మిషన్ పెట్టుకుని, పైన తువాలు చుట్టుకుని పోయాడు. అవతలి ప్లాట్‌ఫారం మీద ఓదెమ్మ పెదాలు కదిపింది. ఇంజన్ కూత తప్ప ఏమీ చేరలేదు. చేరుతుందని అతనూ అనుకోలేదు.

"చలి పెడ్తుందా, చెవులు మూసుకున్నవ్?"

"అవును" అన్నాడు.

శుక్రవారం భివండీలో సాంచాలకు సెలవు. ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ లేనంత జనం. నర్సింహులు ఒక బెంచీలో సగం తన టిఫిన్ సంచితో ఆపి కూర్చున్నాడు. ఓదెమ్మ పైవంతెన మెట్లు దిగి వచ్చింది. రెండు రెగ్జిన్ సంచులు, మిక్సీ ఉన్న అట్టపెట్టె, ఒక చిన్న మూట. వెనకాల అల్లుడు సురేశ్, పెద్ద సంచి తలమీద. సామాను బెంచీ కింద తోసి, టికెట్లు తెస్తానని అత్తకు చెప్పి అతను మెట్లెక్కాడు.

ఆమె పక్కన కూర్చుంది. ఇంత దగ్గరగా ఆమె ముఖం నర్సింహులు ఎన్నడూ చూడలేదు. గదుమ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ముంగురులు పూర్తిగా తెల్లబడ్డాయి. ఇరవై అయిదు అడుగుల నుంచి ఇవేవీ కనిపించవు.

ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది.

"అల్లుడు చెప్తడు, వాళ్ల కార్ఖానాల సాంచాలు మోతే చెయ్యవంట. నీళ్లతోటి నడుస్తయంట. నమ్ముతవా?"

నర్సింహులు ఆమె పెదాల వైపు చూస్తున్నాడు. చెవిలో కాకి అరుపు పడింది. మైకులో ఒకామె మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో బండి పేరు చెప్పింది. పక్క బెంచీలో ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు కూడా వినిపించింది. ఓదెమ్మ నుంచి ఏమీ రాలేదు.

"నీ గోదాంల దొంగలు వడ్డరనుకో. నీకెట్ల ఎరుకైతది?"

"లైటు కొట్టి లోపలికి రమ్మంట."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది. అది కూడా సడి లేకుండానే.

మిషన్ ఆగిపోయిందేమో అనుకున్నాడు నర్సింహులు. తల గోక్కున్నట్టు తువాలు కిందికి వేలు పోనిచ్చి మీట నొక్కి చూశాడు. కీచుమని చెవిలో శబ్దం వచ్చింది. మిషన్ బాగానే ఉంది. అప్పుడు అర్థమైంది. ఆమె గొంతు వాడడం లేదు. అతనితో మాట్లాడేటప్పుడు ఆమెకు గొంతు రాదు. ఇరవై ఏళ్లుగా ఈ ముఖం ఎదురుగా ఉంటే పెదాలు మాత్రమే కదలాలని ఆమెకు అలవాటైపోయింది.

కేత్లీ పట్టుకున్న చాయ్‌వాలా బెంచీల వెంట వస్తున్నాడు. ఓదెమ్మ తల తిప్పింది.

"ఏ భయ్యా! ఇధర్ దో కటింగ్ దే. ఇనకా ఫీకా. శక్కర్ వాలా నై చల్తా ఇనకో."

గట్టి గొంతు. కాస్త బొంగురు. కుళాయి దగ్గర నలుగురిని వెనక్కి నెట్టి బిందె పెట్టగలిగిన ఆడమనిషి గొంతు. లోపల అతను దాచుకున్న సన్నటి గొంతుకూ దీనికీ ఎక్కడా పోలిక లేదు. అతనికి ఫీకా, అంటే చక్కెర లేనిది, చెప్పింది. తనకు షుగరని ఆమెకు చెప్పింది కూడా పోయిన ఎండాకాలంలో ఒక్కసారే, అదీ రెండు గూడ్సు బండ్ల మధ్యలో.

"ఫీకా అలగ్ రెహ్‌తా, అమ్మా" అన్నాడు చాయ్‌వాలా.

"తో అలగ్ దే. క్యా ముహూర్తం దేఖ్‌తా?"

చాయ్ అందుకుని, ఆమె నర్సింహులు వైపు తిరిగింది. పెదాలు మళ్లీ సడి లేకుండా కదిలాయి.

"తాగు, వేడి వేడిగున్నది."

అతను ఒక గుక్క తాగాడు. వసయ్ బండి వచ్చేసరికి ఇంకో అయిదారు నిమిషాలు ఉంటాయి. మెట్ల మీద సురేశ్ తల ఇంకా కనిపించలేదు. అడగాలంటే ఇప్పుడే. అడగడంలో తప్పేముందని రాత్రి నుంచీ తనకు తాను చెప్పుకుంటున్నాడు. గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఒక్కసారి గొంతుతోటి మాట్లాడు" అన్నాడు.

ఓదెమ్మ అతని పెదాల వైపు చూసి కనుబొమలు ముడిచింది.

"మాట్లాడ్తనే ఉన్న గదా?"

మిషన్‌లో కాకి అరుపు ఉంది, శనక్కాయల చప్పుడు ఉంది. ఆమె మాట లేదు. తను అన్న మాట కూడా వినపడలేదని నర్సింహులు అప్పుడు గమనించాడు. అతను కూడా పెదాలతోనే అడిగాడు.

తువాలు తీసి చూపిస్తే సరిపోయేది. చెయ్యి తువాలు ముడి దాకా పోయింది.

"ఏందత్తా, ఇద్దరు గట్ల మూగోళ్ల లెక్క మూతులు తిప్పుతున్నరు?" సురేశ్ టికెట్లు పట్టుకుని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నీకేమెరుక మా భాష" అంది ఓదెమ్మ, బొంగురు గొంతుతో, గట్టిగా. "మీ నీళ్ల సాంచాలకాడ మీరు నేర్వనేలేదు. ఆ మిక్సీ డబ్బా పైకెత్తు, తడి తాకుతది."

అల్లుడు నవ్వి డబ్బా ఎత్తాడు. నర్సింహులు చెయ్యి కిందికి దించాడు. తువాలు అలాగే ఉంది.

బండి వచ్చింది. ఓదెమ్మ ఆడవాళ్ల డబ్బాలో ఎక్కింది, సురేశ్ సామానుతో పక్క డబ్బాలో. నర్సింహులు దాని వెనక డబ్బాలో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఖార్‌బావ్ పది నిమిషాలే. రైలు మోత చెవుల్లో నిండింది. నలభై ఏళ్లు విన్నదాని లాంటిదే. మిషన్ తీయాలనిపించలేదు.

ఖార్‌బావ్‌లో దిగి, ముందుకు నడిచి, ఆడవాళ్ల డబ్బా కిటికీ ముందు ఆగాడు. ఆమె కడ్డీల వెనక కూర్చుని ఉంది. లోపల ఆడవాళ్లు సీటు కోసం అరుచుకుంటున్నారు.

"యాళ్లకు బువ్వ తిను" అన్నాయి ఆమె పెదాలు.

"నువ్వు సుత."

బండి కదిలింది. ఆమె కడ్డీల మధ్యలోంచి చూపుడువేలు బయటికి పెట్టి గుండ్రంగా తిప్పింది. నర్సింహులు తలకు చుట్టిన తువాలు తీసి ఊపాడు. చెవి వెనక మిషన్ బయటపడిందని బండి పోయాక గుర్తొచ్చింది. అప్పటికి ఆ కిటికీ చాలా దూరం పోయింది. ఆమె చూసిందో లేదో తెలియదు.

తర్వాత మూడు వారాలు అతను మామూలు ప్రకారమే స్టేషన్‌కు పోయాడు. ఇప్పుడు మైకు వినిపిస్తుంది. ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఆమె నిలబడే స్తంభం దగ్గర కాలేజీ పిల్లలు నిలబడుతున్నారు. చాయ్‌వాలా అడగకుండానే ఫీకా పోస్తున్నాడు. ఒకరోజు నర్సింహులు అతన్ని ఆపి, తను విన్నదే అయినా, ఆ రోజు ఆమె ఏమన్నదో చెప్పమని అడిగాడు. "క్యా బోలేగీ చాచా? చాయ్ మాంగీ" అన్నాడు అతను, చాయ్ అడిగిందంతే అని.

నాలుగో శుక్రవారం పొద్దున పాండు ఫోనుకు సూరత్ నుంచి వీడియో కాల్ వచ్చింది. పాండు ఫోను నర్సింహులు ముఖం ముందు పట్టుకున్నాడు. ముందు లత కనిపించింది.

"మంచిగున్నరా కాకా? అవ్వ రోజు మీ ముచ్చటనే. ఇగో, ఇస్తున్న."

తెర మీద ఓదెమ్మ ముఖం, సగం నుదురు, సగం గోడ. ఫోను సర్దుకుంది. వెనకాల కుక్కర్ కూత వేసింది. చిన్నపిల్లవాడెవడో ఏడుస్తున్నాడు. టీవీలో గుజరాతీ పాట వస్తోంది. అన్నీ నర్సింహులు చెవిలో స్పష్టంగా పడ్డాయి.

ఓదెమ్మ పెదాలు కదిలాయి. "సాంచాలు నిజంగనే మోత చెయ్యవు. నిద్ర వడ్తలేదు నాకు."

"నాకు సుత" అన్నాడు నర్సింహులు, పెదాలతోనే.

పాండు ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంది, ఆవాజ్ పోయినట్టున్నది" అని మీట నొక్కబోయాడు. అటువైపు లత తల్లి భుజం మీదుగా తెరలోకి వంగింది.

"అవ్వా, మూతి గట్ల ఆడిస్తే ఎట్ల? గట్టిగ మాట్లాడు. కాకా, ఆవాజ్ వస్తలేదా?"

"వస్తున్నది బిడ్డా" అన్నాడు నర్సింహులు. "మాట్లాడనియ్యి."